బతికున్నవాళ్ల ఫోటోకి దండ

ఎర్రవాగు అనగానే మీకేం గుర్తొస్తుంది? ఫోటో. అంతే కదా! రైలు పేరు గుర్తురాదు, ఎంతమంది పోయారో గుర్తురాదు, వంతెన ఎందుకు కూలిందో, ఆ ఎంక్వైరీ ఏమైందో అసలే గుర్తురాదు. ఫోటో మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. కంకర కట్ట మీద కూర్చున్న తల్లి, ఆకుపచ్చ చీర, ఒళ్లో కళ్లు మూసిన పిల్లాడు, పైకి లేచిన ఆమె చూపు. పదకొండేళ్లుగా దేశమంతా ఆ ఒక్క ఫోటో చూసుకునే ఏడుస్తోంది. స్కూల్ పుస్తకంలో ఉంది, ఫ్లైఓవర్ల కింద గోడల మీద ఉంది, ఆటోల వెనక ఉంది, ఒక ఏడాది ఇన్సూరెన్స్ వాళ్ల క్యాలెండర్‌లో మే నెల కూడా అదే. ఆ చూపు గురించయితే మేధావులు పేజీలకు పేజీలు రాశారు. దేవుణ్ని నిలదీస్తున్న చూపట, వ్యవస్థను ప్రశ్నిస్తున్న చూపట. టెన్త్‌లో ఆ చూపు మీదే వ్యాసం రాసి నేను ఫస్ట్ ప్రైజ్ కొట్టాను, స్టీలు డబ్బా ఇచ్చారు.

అందుకే మా న్యూస్ చానెల్ డిజిటల్ డెస్క్ హెడ్ ఉదయ్ భాస్కర్ సార్ పిలిచి, "యామినీ, ఈసారి ఎర్రవాగు యానివర్సరీ ప్యాకేజ్ నీదే" అన్నప్పుడు, బేగంపేట ఆఫీసులో కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను. అప్పటిదాకా నాకిచ్చినవన్నీ టమాటా ధరలు, సినిమా హాళ్ల ముందు పబ్లిక్ టాక్‌లు. ఇప్పుడు ఏకంగా జాతీయ విషాదం!

"వయొలిన్ మ్యూజిక్ ఫోల్డర్‌లో రెడీగా ఉంది," అన్నారు సార్. "ఫోటోకి ఏఐ కొట్టించి ఆమె కంట్లోంచి నీళ్లు కారేలా చేయించా. నువ్వు లాలాగూడ వెళ్లి ఆమెను కలువు. యానివర్సరీ రోజు అదే చీర, అదే పోజు. పోయినేడు చీర తేడా వచ్చిందని కామెంట్లలో ఉతికి ఆరేశారు."

"పదకొండేళ్ల నాటి చీర ఇంకా ఉంటుందా సార్?"

"లేకపోతే కొనుక్కెళ్లు. మరీ కొత్తగా కనపడకుండా ఒకసారి ఉతికించు, చాలు."

కొన్నాను, ఉతికించాను, ఎండలో చెమటలు కక్కుతూ లాలాగూడ వర్క్‌షాపు వెనక సందులోకి వెళ్లాను. "పుష్పమ్మగారి ఇల్లు?" అంటే ఎవరికీ తెలియలేదు. "ఎర్రవాగు తల్లి?" అంటే మాత్రం నలుగురు చెయ్యెత్తి దారి చూపించారు.

పుష్పమ్మ గుమ్మంలోనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి, నేను నోరు తెరవకముందే, "చీర తెచ్చినవా బిడ్డా?" అంది.

ఇచ్చాను. అంచు పట్టుకుని చూసింది. "ఇది నయం. పోయినేడు తెచ్చినోళ్లు జరీ అంచుది తెచ్చిర్రు. కొడుకును దేవులాడెతందుకు జరీ చీర కట్టుకొని పోతరా ఎవలన్న? పెండ్లికి పోయినట్టు!"

నవ్వాలో వద్దో తెలియక లోపలికి చూశాను. గోడకు ఒక కుర్రాడి ఫోటో. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. వెడల్పు నుదురు, బయటికి పొడుచుకొచ్చిన చెవులు, నవ్వు ఆపుకుంటున్న మూతి. అద్దం మీద కుంకుమబొట్టు, చుట్టూ గంధపు చెక్కల దండ. ఫోటో కింద నేలమీద సొట్టలు పడ్డ పెద్ద చాయ్ క్యాను.

"ఈయనెవరమ్మా?"

"నా కొడుకు. దుర్గేష్. ఎర్రవాగుల పోయిండు."

"మరి... ఆ ఫోటోలో ఒళ్లో ఉన్న బాబు?"

"వాడా? వాడు సత్యదేవ్. మొన్ననే ఇంటరు పాసయిండు, స్వీట్లు తెచ్చిండు. తింటవా, ఇంక రెండున్నయి?"

నా స్టీలు డబ్బా కళ్ల ముందు గిర్రున తిరిగింది.

ఆమె గింజలు తీస్తూనే చెప్పింది. దుర్గేష్ ఆ రైల్లో చాయ్ అమ్మేవాడు. వంతెన కూలిన మర్నాడు తెల్లారి పుష్పమ్మ ఇంకొందరితో కలిసి వాణ్ని వెతుక్కుంటూ వాగు దగ్గరికి పోయిందట. అక్కడ ఎవరో పిల్లాడు ఒక్కడే పడి ఉంటే ఒళ్లోకి తీసుకుని నీళ్లు తాగించింది. వాడు స్పృహ తప్పాడంతే, చావలేదు. సాయంత్రానికల్లా వాడి తల్లి శేషారత్నం వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్లింది. కానీ ఆ మధ్యలోనే ఎవరో ఫోటో తీసేశారు. రాత్రికి టీవీల్లో 'కన్నతల్లి ఒడిలో చివరి శ్వాస' అని వచ్చేసింది. ఇంక ఎవరు ఆపగలరు?

"మరి ఆకాశంలోకి ఎందుకు చూశారమ్మా?" అన్నాను. నా ఫస్ట్ ప్రైజ్ కనీసం సగమైనా దక్కుతుందని ఆశ.

"ఆకాశమేంది? మీద కట్ట మీద గా క్యాను కనవడ్డది. సొట్ట వడ్డా గుర్తువట్టిన. మూతి కాడ వాని పేరు గీకి ఉంటది. క్యాను ఉన్నదంటే వాడు సుత గాడనే ఉంటడని చూస్తున్న." చింతపండు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "చూడు బిడ్డా. ఏ చీరంటే ఆ చీర కడ్త. యాడ కూసోమంటె ఆడ కూసుంట. ఏడ్వమంటే ఏడుస్త, గదేం తక్లీఫ్ కాదు నాకు. నాదొక్కటే మాట. నా కొడుకు మొకం జెర ఒక్కసారి టీవీల సూపెట్టుర్రి. యాడాదికొకలు ఒస్తరు, అడుగుత, సరే అంటరు, పోతరు. లోకమంతా బతికున్న పోరని కోసం ఏడుస్తున్నది. సచ్చినోన్ని చూసినోడు లేడు."

సందు చివరికొచ్చి సార్‌కి ఫోన్ చేసి ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. బ్రేకింగ్ న్యూస్ కదా సార్ ఇది!

"చాలా బాగుంది," అన్నారు సార్. "కానీ వద్దు."

"ఎందుకు సార్?"

"పదకొండేళ్లు ఏడ్చిన జనానికి ఇప్పుడు పిల్లాడు ఇంటరు పాసయ్యాడని చెప్తే ఎంత బాధపడతారు? పైగా ఒక తల్లికి ఒక కొడుకు చాలు యామినీ. ఒళ్లో ఒకడు, గోడ మీద ఒకడు అంటే వ్యూయర్ కన్‌ఫ్యూజ్ అవుతాడు."

"కానీ నిజం అదే కదా సార్?"

"నిజం కాదని ఎవరన్నారు? మొదటి ఏడాదే కరెక్షన్ ఇచ్చాం. కింద స్క్రోలింగ్‌లో."

యానివర్సరీ రోజు పొద్దున లాలాగూడ గ్రౌండ్‌లో స్మారక సమితి వాళ్ల నివాళి సభ. అధ్యక్షుడు హరికిషన్ ఏర్పాట్లలో ఏ లోటూ రానివ్వలేదు. రెండంతస్తుల ఎత్తున ఫ్లెక్సీ. మధ్యలో ఆ ఫోటో. దాని పక్కన, దానికంటే కొంచెం పెద్దగా, చేతులు జోడించిన హరికిషన్. కింద వరసగా గుండ్రటి ఫ్రేముల్లో ఆయన అనుచరుల మొహాలు. పైన 'ఎర్రవాగు అమరులకు అశ్రునివాళి'. అమరుల మొహాలకు చోటు సరిపోలేదేమో, ఒక్కటీ లేదు. ముందు లారీతో కంకర పోయించి చిన్న కట్ట కూడా కట్టించారు, తల్లి కూర్చోవడానికి. అన్నిటికంటే హైలైట్, క్రేన్! ఊరేగింపుల్లో లీడర్లకు వేసే గజమాల ఉంటుంది కదా, అదే, నిలువెత్తు బంతిపూల దండ, క్రేన్ కొక్కేనికి వేలాడుతోంది. ఫోటోలోని తల్లీబిడ్డల మీద పైనుంచి దింపుతారట. డ్రోన్ షాట్ అదిరిపోతుందని మా కెమెరావాళ్లు ఒకటే హుషారు.

పుష్పమ్మ నేనిచ్చిన చీర కట్టుకుని, చంకలో గుడ్డ సంచితో వచ్చింది. ఆమెతో పాటు శేషారత్నం, పక్కన సత్యదేవ్. ఏటా ఈ రోజు వాళ్లిద్దరూ పుష్పమ్మ ఇంట్లో దుర్గేష్ ఫోటోకి దండం పెట్టుకుని అక్కడే భోంచేస్తారట. సభ అంటే తోడు వచ్చారు. సత్యదేవ్ చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో చెరకు రసం. తన శవం కింద నిలబడి తాగుతున్నాడు.

క్రేన్ కదిలింది. దండ కిందికి దిగడం షురూ అయింది. శేషారత్నం తలెత్తి చూసింది, అంతే.

"ఆగండి! ఏవండీ, ఆపండి దాన్ని! బతికున్న పిల్లాడి ఫోటోకి దండేస్తారేంటండీ! మీ ఇంట్లో వేసుకుంటారా ఇలా?"

హరికిషన్ మైకు చేత్తో మూసి వంగాడు. "ఎవరమ్మా నువ్వు?"

"వాడి తల్లిని!"

"తల్లి ఆమె గదమ్మా," అని ఫ్లెక్సీ చూపించాడు.

"ఆవిడ ఒళ్లో పెట్టుకుంది. కన్నది నేనండీ. ఇదిగో, పిల్లాడు వీడే. ఒరేయ్, ఆ గ్లాసు పక్కన పెట్టి చెప్పరా!"

సత్యదేవ్ ఇయర్‌ఫోన్ తీశాడు. "అన్నా, నేనే అన్నా గది."

హరికిషన్ వాణ్ని చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, మళ్లీ వాణ్ని చూశాడు. "పోలికల్లేవు తమ్మీ."

"ఏడేండ్లప్పటి ఫోటో గదన్నా."

"సరే సరే, లైవ్ నడుస్తుంది, పరేషాన్ చెయ్యకుర్రి. మీ ఫ్యామిలీ మ్యాటర్ మనం ఎనక కూసొని మాట్లాడుకుందం. ఓ క్రేనన్నా, దింపు!"

"దింపితే చూడు!" ఈసారి అరిచింది పుష్పమ్మ. "గా ఫోటోల నేను సుత ఉన్న! ఇంక సావలే నేను! నువ్వు సావమంటె సస్తనా? దండ నీ ఫోటోకు ఏసుకో, పక్కకే ఉన్నవు గదా!"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. హరికిషన్ మొహం మాడిపోయింది. క్రేన్ డ్రైవర్‌కు ఎవరి మాట వినాలో అర్థం కాలేదు. సగంలో ఆపేశాడు. దండ గాల్లో ఊగుతూ హరికిషన్ ఫోటో వైపు ఒకసారి, తల్లీబిడ్డల వైపు ఒకసారి పోయి వస్తోంది.

"ఎయ్యాలంటె నా దుర్గేష్ ఫోటో పెట్టి ఎయ్యి. కాదంటలేను," అంది పుష్పమ్మ.

"నీ కొడుకు నీ ఒళ్లనే ఉన్నడు గదమ్మా!" హరికిషన్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పటికే కెమెరాల వాళ్లకు ఓపిక పోయింది. "అమ్మా, అవన్నీ తర్వాత! పోజ్! అదే పోజ్! కంకర మీద కూర్చోమ్మా! చూపు పైకి!"

పుష్పమ్మ ఆ కెమెరాలన్నిటినీ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. తర్వాత నా వైపు చూసింది. "కూసుంటె తీస్తరు గదా?" అంది మెల్లగా.

"తీస్తారమ్మా. పోజు ఇస్తే ఎవరూ వదలరు."

వెళ్లి కంకర మీద కూర్చుంది. కాలు అలాగే మడిచింది, కొంగు అలాగే జార్చింది. పదకొండేళ్ల ప్రాక్టీసు! అందరూ కెమెరాలు ఎత్తారు. అప్పుడు సంచిలోంచి దుర్గేష్ ఫోటో తీసి, సరిగ్గా పిల్లాడు పడుకున్న చోట ఒళ్లో పెట్టుకుంది, మొహం కెమెరాల వైపు. చూపు పైకెత్తింది. పైన దండ వేలాడుతోంది. సత్యదేవ్ గబగబా వెళ్లి ఎగిరి ఆ దండ కొసన ఉన్న పూలు గుప్పెడు తెంపుకొచ్చి ఫోటో ఫ్రేము మీద పెట్టాడు. ఒక్కసారిగా క్లిక్కులే క్లిక్కులు! ఎవరూ ఆగలేదు, ఎవరూ అడగలేదు. చీర సరిపోయింది, పోజు సరిపోయింది, ఒళ్లో ఏదో ఉంది. అంతకంటే ఏం కావాలి?

నేను అక్కడే ఎండలో కూర్చుని టైప్ చేశాను. 'పుష్పమ్మ కొడుకు దుర్గేష్. రైల్లో చాయ్ అమ్మేవాడు. ఎర్రవాగులో చనిపోయింది ఇతనే.' పంపించేశాను. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో దేశమంతా తిరిగింది. ప్రతి ఫోన్లో దుర్గేష్! అదే నుదురు, అవే చెవులు, అదే ఆపుకున్న నవ్వు! మెట్రోలో నా పక్కన కూర్చున్నాయన కూడా అదే చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకైతే ఆయన్ని పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆగలేక ఆయన ఫోన్లోకి తొంగిచూశాను.

మా చానెల్‌దే. హెడ్డింగ్ నేను పెట్టింది కాదు.

'బతికుంటే ఇలా ఉండేవాడు! ఒడిలో కన్నుమూసిన చిన్నారికి ఏఐతో వయసు పెంచితే... గుండెలు పిండేస్తున్న తల్లి!'

సార్‌కి ఫోన్ చేస్తే, "నీ క్యాప్షన్‌లో చిన్న కన్‌ఫ్యూజన్ ఉంది, సరిచేశా," అన్నారు. "రికార్డు వ్యూస్ యామినీ! గుడ్ జాబ్!" మిగతా చానెళ్లు మమ్మల్ని చూసి అదే హెడ్డింగ్ పెట్టేశాయి. కింద వేల కామెంట్లు. 'ఏఐ చెవులు సరిగ్గా చెయ్యలేదు బ్రో.' 'తమ్ముడూ, నువ్వు మా మనసుల్లో బతికే ఉన్నావు.' నేను వాటి కింద 'ఇది ఏఐ కాదు, ఇతని పేరు దుర్గేష్' అని రాశాను. నిమిషంలో జవాబొచ్చింది. 'సిస్టర్, ఇలాంటి టైంలో ఫేక్ న్యూస్ స్ప్రెడ్ చెయ్యకండి ప్లీజ్.'

సాయంత్రం లాలాగూడ వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో నాకే తెలియదు. దుర్గేష్ ఫోటో మళ్లీ గోడ మీదికి చేరింది. గంధపు దండకు తోడు నాలుగు బంతిపూలు. సత్యదేవ్ నేలమీద కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. "మా కాలేజీ గ్రూపుల నా కోసం ఒక నిమిషం మౌనం పాటించిర్రు అక్కా," అన్నాడు. "నేను సుత పాటించిన."

పుష్పమ్మ ముందు కూర్చుని హెడ్డింగ్ చదివి వినిపించాను. ఏఐ అంటే ఏంటో కూడా చెప్పాను. ఆమె కొంగుతో ఫోటో అద్దం మీద దుమ్ము తుడిచింది.

"ఇంకేం రాసిర్రు?"

కామెంట్లు పైకి జరుపుతూ పోయాను. చదవడానికి పనికొచ్చేది ఒక్కటి దొరికింది. "'తల్లి పోలికలు భలే పట్టింది ఏఐ, ఆ నుదురు అచ్చం ఆమెదే' అని రాశారమ్మా. దీనికే లైకులు ఎక్కువ."

"నా పోలికలున్నయన్నరా?"

"అన్నారు."

"ఇంకోపారి చదువు."

చదివాను. తన వెడల్పు నుదురు మీద చెయ్యి పెట్టుకుని వింది. వింటూ నవ్వు ఆపుకుంది. అచ్చం గోడ మీదున్న మూతి.

"సరే. మొకమైతే చూసిర్రు," అంటూ లేచింది. గోడ కింద ఉన్న చాయ్ క్యాను తీసి గుడ్డ సంచి పక్కన పెట్టింది. "మల్లొచ్చే ఏడు ఫోటోతోని దీన్ని సుత ఒళ్లె వెట్టుకొని కూసుంట. దీని మీద వాని పేరు ఉన్నది. క్యానుకు ఎట్ల వయసు పెంచుతరో చూస్త."