రెండువందల ఒకటో ఫారం

మూడో ఇంటికి కూడా తాళమే. మాస్టారు ఫారం మీద "తలుపు వేసి ఉంది" అని రాసి, తేదీ వేసి, పెన్నుకు మూత పెట్టి జేబులో దోపుకున్నాడు.

నిజానికి ఆయన మాస్టారు కాదు. విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనల కోసం ఇరవై ఆరేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగే మనిషి. ఎంత జవాబు చెప్పినా ఇంకో ప్రశ్న వేస్తాడని వీధివాళ్లు పెట్టిన పేరది. సన్నటి మనిషి. సంచి మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది.

ఈ పరిశోధన మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీ మనుషుల గురించి. పని పోయాక వాళ్లు ఏమయ్యారో ఐదేళ్లకోసారి వెళ్లి అడగాలి. ఇది మూడో విడత. వచ్చే విడత నుంచి ఫోన్లోనే అడుగుతారని, ఇక తిరిగే మనిషి అక్కర్లేదని మొన్న చెప్పారు. ఇవాళ్టితో ఆఖరు.

చివరి ఇల్లు కుట్టుమిషను ఆవిడది. ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టేది. ఇప్పుడు ఇంట్లోనే దిండు గలీబులు కుడుతోంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. ఆయన్ని చూసి సూది తీసి నవ్వింది.

"రండి అన్నయ్యా. ఇంకా బతికే ఉన్నానో లేదో చూసుకోడానికొచ్చారా?"

"అది రెండో ప్రశ్నమ్మా. మొదటిది పేరు."

మోకాళ్ల నొప్పి, కళ్ల మసక, రోజుకెన్ని గలీబులు, అన్నీ అయ్యాయి. ఫ్యాక్టరీలో ఏది గుర్తొస్తుందని అడిగాడు.

"మధ్యాహ్నం గంట. నలుగురం కూర్చుని తినేవాళ్లం. ఇప్పుడు మిషను ముందే రెండు ముద్దలు మింగేస్తున్నా."

ఆ మాటకు ఫారంలో గడి లేదు. ఆయన అంచున చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. అంచుల్లో రాసినవి ఎవరూ కంప్యూటర్లోకి ఎక్కించరని తెలుసు. అయినా ఎప్పుడూ రాసేవాడు.

"మళ్లీ ఐదేళ్లకేగా," అంది ఆవిడ.

"ఇక నేను రానమ్మా. ఫోన్లో అడుగుతారు."

మిషను ఆగింది. "ఖాళీ ఫారం ఉందా? ఇలా ఇవ్వండి. పదేళ్లుగా నా పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగారు. ఇవాళ నా వంతు."

ఆయన మొహమాటపడుతూనే ఇచ్చాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది.

"చేసే పని?"

"ప్రశ్నలు అడగడం."

"పర్మినెంటా, తాత్కాలికమా?"

"తాత్కాలికం."

"ఎన్నాళ్లుగా?"

"ఇరవై ఆరేళ్లు."

ఇద్దరూ నవ్వబోయి ఊరుకున్నారు.

"ఇంట్లో ఎవరెవరు?"

"నేనూ, కూతురూ."

"పనిలో మీకు బాగా నచ్చింది?"

ఈ ప్రశ్న దగ్గర జనం ఎందుకు తడుముకుంటారో ఆయనకు ఇప్పుడు తెలిసింది. "రమ్మంటారు కదమ్మా. ముక్కూ మొహం తెలియనివాణ్ని లోపలికి పిలిచి కూర్చోబెడతారు," అన్నాడు చివరికి.

ఆవిడ దాన్ని అంచునే రాసింది.

విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగాడు. ఎడమ చెయ్యి లాగుతోంది. ఎండ అనుకున్నాడు. ఆఫీసులో గుమాస్తా కట్ట విప్పి లెక్కపెట్టాడు.

"రెండొందలకి ఒకటెక్కువొచ్చింది. ఇదెవరిది మాస్టారూ?"

"నాది."

గుమాస్తా నవ్వి, ఆయన మొహం చూసి ఆపేశాడు. "జాబితాలో లేనివి తీసుకోరండీ."

"తెలుసు. మీరొకసారి చదవండి, చాలు."

గుమాస్తా నిలబడే చదివాడు. రసీదు మీద సంతకం కోసం పై అంతస్తుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మాస్టారు గోడకు చేరబడి, గడ్డం గుండెకు ఆన్చి ఉన్నాడు. కునుకు పట్టిందనుకుని రసీదు చేతిలో పెట్టబోయాడు. కాగితం వేళ్ల మధ్యనుంచి జారి నేల మీద పడింది.

సాయంత్రం ఆయన సంచి కోసం కూతురు ఆఫీసుకు వచ్చింది. సంచిలోంచి రాత అట్ట, పెన్నులు తీసి, అడుగున సగం ఖాళీ అయిన బిస్కెట్ పొట్లం చూసి ఆగిపోయింది.

"నాన్నకి షుగరు. ఎన్నిసార్లు చెప్పానో! దొంగచాటుగా తింటున్నారన్నమాట," అంది, ఏడుపులోనే కోపంగా.

"ఆయన తినడానికి కాదమ్మా," అన్నాడు గుమాస్తా మెల్లగా. "వీధికుక్కలకి. కొత్త వీధిలో కాలు పెట్టేముందు వాటితో పరిచయం చేసుకోవాలనేవారు."

పొట్లంలో ఇంకా ఆరు బిస్కెట్లున్నాయి. మెత్తబడిపోకుండా మూతి మడిచి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు బిగించి ఉంది.