కూర్చోకూడని సోఫాలు

సోఫాల బాబాయి ఇంటి ముందుగదిలో ఎప్పుడు చూసినా నాలుగైదు సోఫాలు ఉండేవి. అన్నీ పరాయివాళ్ళవే. చిరిగి, కుంగి, స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చి వెనక గదిలోకి వచ్చేవి. కొత్త గుడ్డ తొడుక్కుని, నిగనిగలాడుతూ ముందుగదిలోకి చేరేవి. సొంతదార్లు వచ్చి తీసుకుపోయేదాకా పాత దుప్పట్లు కప్పుకుని హాయిగా కూర్చునేవి. కూర్చునేది అవే. ఇంట్లోవాళ్ళు కాదు.

ఆ ఇంట్లో ఉన్న చట్టం ఒక్కటే: ఎవరి సోఫా మీదా ఎవరూ కూర్చోకూడదు. పని సరిగ్గా కుదిరిందో లేదో బాబాయి అరచేత్తో నొక్కి చూసేవాడు, మోకాలు ఆనించి చూసేవాడు. అంతే. "మనం కూర్చుంటే అది పాతదైపోయినట్టే" అనేవాడు. అందువల్ల ఆయన కూతురు సోఫాల మధ్య పుట్టి చాప మీద పెరిగింది. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని అడ్డుప్రశ్నలు వేసేది కాబట్టి ఇంట్లో ఆమె పేరు లాయరమ్మ.

సూదిలో దారం ఎక్కించడానికి తండ్రి సూదిని బారెడు దూరం పట్టుకోవడం ఆ పిల్ల చిన్నప్పటినుంచీ చూస్తోంది. రోజూ పొద్దున్నే బడికి వెళ్ళేముందు ఆయన కోసం ఓ వరస సూదులకు దారాలెక్కించి, దూదిమెత్తకు గుచ్చి వెళ్ళేది. అందుకేనేమో, ఇంటరయ్యాక కంటిపరీక్షల కోర్సు చదువుతానని పట్టుబట్టింది. సీటు వచ్చింది. దాంతోపాటే ఫీజెలా అన్న ప్రశ్నా వచ్చింది.

"గ్రాంటంటే ఏంటే? ఊరికే ఇస్తారా?" అన్నాడు బాబాయి.

"ఊరికే నాన్నా. ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకిస్తారు. తిరిగి కట్టక్కర్లేదు."

"ఇంకోటేదో అన్నావుగా."

"అది లోను. తిరిగి కట్టాలి. చదువైపోయి ఉద్యోగం వచ్చాక కట్టడం మొదలుపెడితే చాలు. కానీ వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజునుంచే నడుస్తుంది."

"అయితే లోనే తీసుకుందాం. తీసుకున్నామా, కట్టామా, తలెత్తుకుని తిరిగామా! ఊరికే ఇచ్చేది మనకెందుకు, చేతులు పడిపోయాయా?"

లాయరమ్మ ఒంటికాలిమీద లేచింది. "ఫీజులూ హాస్టలూ పుస్తకాలూ అంతా లోను మీదే పెడితే, నేను ఉద్యోగంలో చేరేసరికి అది వడ్డీతో కలిసి నాకంటే ఎత్తు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి జీతమంతా దానికే పోయాలి. ఫీజుకి గ్రాంటొస్తే హాస్టలుకి కొంచెం లోను చాలు, అది నేను తీర్చుకోగలను. గ్రాంటు రాలేదా, నేను చేరను. మందుల షాపులో కౌంటరు దగ్గరికి మనిషి కావాలట. అక్కడికి పోతా."

ఆ పిల్ల అన్నదంటే చేసి తీరుతుంది. ఆ సంగతి తెలిసిన బాబాయి సరేనన్నాడు. అన్నాడే గానీ, 'ఊరికే' అన్న మాట మాత్రం ఆయన గొంతు దిగలేదు.

కొన్నాళ్ళకు, కాలేజీ ఆఫీసునుంచి ఒక మేడం వచ్చి ఇల్లూ పరిస్థితీ చూసి వెళ్తుందని కబురొచ్చింది. ఆ రోజు బాబాయి భార్య ఆస్పత్రి లాండ్రీలో పగటి డ్యూటీకి వెళ్ళింది. కూతురు ఆదాయం సర్టిఫికెట్ తేవడానికి బయల్దేరుతూ, "ఆ మేడం వచ్చేలోగా వచ్చేస్తా. ఒకవేళ ముందే వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పు నాన్నా" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

చెప్పడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. కాకపోతే, ఇంటికి పెద్దమనిషి వస్తోందంటే చేతులు ఊరుకుంటాయా? ముందు గది ఊడ్చాడు. ఊడ్చాక, ఆ మాసిన దుప్పట్లు కంటికి నచ్చలేదు, తీసేశాడు. తీశాక, సోఫాలు అడ్డదిడ్డంగా కనిపించాయి. గుమ్మం వైపు తిప్పి వరసగా పెట్టాడు. డాక్టరుగారి ఎర్ర మఖమలు సోఫాను నడిమధ్యకు లాగాడు. చాపను మాత్రం చుట్టి తలుపు చాటుకు నెట్టాడు. ఆ ఆఖరి పని చేసేటప్పుడైనా తనేం చేస్తున్నాడో తనకు తెలిసే ఉండాలి.

మేడం అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఎండలో నడిచొచ్చిన మనిషి, భుజాన బరువైన సంచీ. ఆయన "రండి రండి" అంటూ స్టూలు కోసం వెనక గదిలోకి వెళ్ళి వచ్చేలోపు, ఆమె డాక్టరుగారి మఖమలు మీద చక్కగా కూర్చుంది.

బాబాయి చేతిలో స్టూలుతో అలాగే నిలబడిపోయాడు. ఇంటికొచ్చిన ఆడమనిషిని లేవమని ఎలా అంటాం?

"ఎంత బావుందండీ!" అంది మేడం, మఖమలు మీద చెయ్యి ఆనించి. "ఇవన్నీ మీవేనా?"

"అన్నీ నా చేతిపనేనండీ" అన్నాడు బాబాయి. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

"పని బాగానే నడుస్తుందన్నమాట."

"ఏదోనండీ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా వెళ్ళిపోతోంది."

ఆ మాట ఆయన ఎన్నోసార్లు ఎంతోమందితో అన్నాడు. అన్నప్పుడల్లా ఒళ్ళు తేలికపడేది. ఈసారీ పడింది. మేడం సోఫాలన్నిటినీ ఒకసారి తేరిపార చూసి, సంతోషంగా తలూపి, సంచీలోంచి ఫారం తీసి ఏదో రాసుకుంది.

"నిజం చెప్పాలంటే ఈసారి గ్రాంటు డబ్బు తక్కువుందండీ. మరీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకే సరిపోయేలా లేదు. మీ అమ్మాయికి లోను రాసిస్తాను. మీరు సులువుగా తట్టుకోగలరు."

బాబాయి మొహాన నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డ కూతురు ఆయన కళ్ళముందు కనిపించింది. నోరు తెరవబోయాడు. తెరిస్తే, ఇందాకటి మాటలన్నీ మింగాలి. సరిగ్గా అప్పుడే లాయరమ్మ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. వస్తూనే, చిన్నప్పటినుంచీ నోటికి అలవాటైన కేక వేసింది.

"అయ్యో, దానిమీద కూర్చోకూడదండీ!"

అని నాలుక కరుచుకుంది. దుప్పట్లు లేని సోఫాలు చూసింది, ఖాళీగా ఉన్న చాప చోటు చూసింది, తండ్రి మొహం చూసింది. అంతా అర్థమైపోయింది. ఎన్ని అడ్డుప్రశ్నలైనా వేసే ఆ పిల్ల ఒక్క ప్రశ్నా వేయలేదు. తెచ్చిన కాగితం మేడం చేతికి కూడా ఇవ్వకుండా గుప్పిట్లోనే పెట్టుకుని, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. నాన్నను పరాయి మనిషి ముందు అబద్ధాలకోరును చేయడం కంటే మందుల షాపే నయమనుకుంది కాబోలు.

ఆ మౌనం బాబాయి తట్టుకోలేకపోయాడు. ఎన్ని తిట్టినా పడేవాడు.

వెళ్ళి పక్కనున్న ఒంటిసీటు సోఫాను బోర్లా తిప్పాడు. అడుగున సుద్దముక్కతో రాసిన అక్షరాలు కనిపించాయి. "ఇది హోటలు వాళ్ళదండీ. ఆ తోలుది ప్లీడరుగారిది. మీరు కూర్చున్నది డాక్టరుగారిది, రేపొచ్చి పట్టుకెళ్తారు." తలుపు చాటునుంచి చాప తీసి నేలమీద పరిచాడు. "మాది ఇదండీ. ఇందాక ఇది చెప్పడానికి సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా సోఫాలు కుడుతున్నాను, ఒక్కదానిమీదా ఒక్కసారీ కూర్చోలేదు. నా సిగ్గుకి నా పిల్ల చదువు ఆపకండి."

మేడం గబుక్కున లేచి నిలబడింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె నవ్వింది.

"మీరు నయమండీ. మొన్న ఒకాయన నేనొస్తున్నానని పక్కింటి ఫ్రిజ్ మోసుకొచ్చి పెట్టాడు. ప్లగ్గు పెట్టడం మర్చిపోయాడు."

లాయరమ్మ కిసుక్కున నవ్వి కాగితం అందించింది. మేడం అది చదివి, ఫారంలో ఇందాక రాసింది కొట్టేసింది. ఆ తర్వాత బాబాయి తెచ్చిన స్టూలు మీద కూర్చుని, ఆయనను చాప మీద కూర్చోబెట్టి మరీ విడమరిచి చెప్పింది. గ్రాంటు ఎవరి జేబులోంచో జాలిపడి తీసిచ్చేది కాదట. అందరూ కట్టిన పన్నుల్లోంచీ, ఆ కాలేజీలోనే చదివి బాగుపడినవాళ్ళు పంపినదాంట్లోంచీ పోగైనదట. లోను అవసరమైనంతే తీసుకోవాలట. ఇస్తామన్నారు కదా అని అంతా తీసుకుంటే పిల్ల నెత్తినే పడుతుందట.

"పన్నులంటే, నేను గుడ్డా దారం కొన్నప్పుడు కట్టేవి కూడానా?" అన్నాడు బాబాయి.

"అవీ ఉన్నాయి."

"అయితే అందులో నా దారప్పోగు కూడా ఉందన్నమాట" అన్నాడాయన. 'ఊరికే' అన్న మాట అప్పటికి ఆయన గొంతు దిగింది.

డాక్టరుగారి సోఫా వెళ్ళిపోయింది. దాని చోటుకు స్కూలు పంతులమ్మగారి పచ్చ సోఫా వచ్చింది. బాబాయి దానికి ఆఖరి కుట్టు వేసి, ముందుగదిలోకి తెచ్చి, అరచేత్తో నొక్కి చూస్తుండగా, లాయరమ్మ ఫోను పట్టుకుని వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, గ్రాంటొచ్చింది! ఫీజు మొత్తానికీ! హాస్టలుకి మాత్రం చిన్న లోను. దానికి నువ్వు సంతకం పెట్టాలి."

"పెడతానే. అప్పుకి సంతకం పెట్టడానికి నాకేం సిగ్గూ!" అన్నాడు బాబాయి. అంటూనే ఆయన కళ్ళు నిండాయి.

"నాన్నా!" కూతురు కేకేసింది. "దానిమీద కూర్చోకూడదు!"

బాబాయి కిందికి చూసుకున్నాడు. పంతులమ్మగారి పచ్చ సోఫాలో నిండుగా, వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. లేవబోయి ఆగాడు. కొంచెం అటూ ఇటూ కదిలి చూశాడు.

"ఎడమవైపు స్ప్రింగు ఎత్తుగా ఉందే" అన్నాడు. "చేత్తో చూస్తే తెలియలేదు. రేపు విప్పాలి."

"మరి లే."

"రేపన్నాగా" అన్నాడు బాబాయి, పక్కన చోటు చూపిస్తూ. "రా, కూర్చో."