నెట్ బాగోలేదు

"ఈ నెల కూడా అప్పుడే అయిపోయిందా! ఈ ఇంట్లో నెట్‌ని ఎవరు తాగేస్తున్నారో ఏమో!" అన్నాడు భర్త, టీవీ తెర మీద గిరగిరా తిరుగుతున్న చుక్కల్ని చూస్తూ. అన్నది టీవీతోనే అయినా తగలాల్సింది వెనక కుర్చీలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆమెకి.

అత్తగారు అందుకుంది. "ఇంకెవరు? ఆ గదిలో తలుపేసుకుని అక్కాచెల్లెళ్ళ ముచ్చట్లు! లోకంలో అందరూ ఫోన్లో మాట్లాడుకోవడం లేదూ? వీళ్ళకి మొహాలు కూడా చూసుకోవాలి."

"తగ్గిస్తాను అత్తయ్యా" అంది ఆమె, దిండు గలీబు అంచులు కలుపుతూ.

వాళ్ళు చూసుకునేది మొహాలు కాదు, చేతులు. ఆమె చెల్లెలికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. ఎక్కడో దూరాన వేరే ఊళ్ళో, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంతో పన్ను చెక్కడంలో దాన్ని మించినవాళ్ళు అక్కడ లేరు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు బడి సైగలు కొన్ని, ఇంటి సైగలు కొన్ని కలిపి ఒక భాష చేసుకున్నారు. అందులో ఆమె పేరు గడ్డం మీది పుట్టుమచ్చ: చూపుడువేలితో అక్కడ తాకితే చాలు, అది ఆమెని పిలిచినట్టు.

ఈ సంగతి అత్తవారింట్లో ఎవరికీ తెలియదని కాదు. పెళ్ళి మాటలప్పుడు ఆమె తండ్రే "చిన్నమ్మాయికి కాస్త వినికిడి తక్కువండీ" అని గొంతు తగ్గించి చెప్పాడు. ఆ 'కాస్త'ని ఎవరూ సరిదిద్దలేదు, ఆమె కూడా. పెళ్ళైన కొత్తలో చెల్లెలు చూడటానికొచ్చింది. ఇద్దరూ హాల్లో కూర్చుని చేతులతో కబుర్లాడుకుంటూ ఒకదానికి నవ్వారు. చెల్లెలి నవ్వు పెద్దది. ఎంత పెద్దదో దానికి వినపడదు కదా. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఆ సాయంత్రం అత్తగారు చాలా మెత్తగా, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "రేపు నీకో పిల్లో పిల్లాడో పుడతారు. వాళ్ళ ముందు ఈ చేతులూపడాలు పెట్టుకోకమ్మా. అలవాటైపోతే మాటలు రావు." భర్తతో అంటే, "అమ్మ ఉద్దేశం అది కాదు. నువ్వు ప్రతిదీ మనసులో పెట్టుకుంటావ్. నాకేం అభ్యంతరం లేదు, నలుగురూ ఉన్నప్పుడు కాస్త చూసుకో, అంతే" అన్నాడు.

మళ్ళీ ఎవరూ ఏమీ అననక్కర్లేకపోయింది. ఆమే చూసుకుంది. కబుర్లు హాల్లోంచి గదిలోకి, తలుపు తెరిచి ఉండటం నుంచి మూసి ఉండటంలోకి వెళ్ళాయి. కూతురు పుట్టి, మాటలు నేర్చి, బడికెళ్ళి, ఎదిగి అమ్మ చెప్పులు తొడుక్కునే వయసుకొచ్చింది. పిన్ని ఫోన్లో కనిపిస్తే చెయ్యూపడం తప్ప దానికి ఇంకేమీ రాదు. నేర్పింది ఎవరు గనక? బీమా కంపెనీ ఆఫీసులో భోజనం వేళ మెట్ల మలుపులో నిలబడి చెల్లెలితో మాట్లాడుతుంటే, పై అంతస్తు గుమాస్తా దిగుతూ "యోగానా మేడమ్?" అనడిగాడొకసారి. ఆమె "అవునండీ" అంది. రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుని మరీ చూపించింది. చెల్లెలు తెర మీద అదంతా చూసి, ఏమైంది అనడిగింది. ఏం లేదు, నడుం పట్టేసింది అని చెప్పింది.

ఇంట్లో మాత్రం ఆమెకి ఇంకా మంచి సాకు దొరికింది. నెలాఖరుకి నెట్ నిజంగానే నత్తలా అయిపోయేది. చెల్లెలి చెయ్యి సగం మాట దగ్గర ఆగిపోయేది. అప్పుడు ఇద్దరూ కలిసి కల్పించుకున్నారు ఆ సైగ: పిడికిలి పైకెత్తి, వేళ్ళు విప్పి, వాటిని వాడిన పువ్వులా వాల్చేయడం. 'నెట్ బాగోలేదు' అని అర్థం. మొదట్లో అది నిజం. తర్వాత వసారాలో అత్తగారి చెప్పుల చప్పుడు వినపడగానే ఆమె చెయ్యి దానంతటదే లేచి, విచ్చుకుని, వాలిపోయేది. ఫోన్ ఆపేసేది. నెల మొదట్లో కూడా.

ఒక ఆదివారం భర్త మేనేజరు, ఆయన భార్యా ఇంటికొచ్చారు. మగవాళ్ళు హాల్లో మ్యాచ్ ముందు కూర్చున్నారు. ఆమె వంటింట్లో గ్లాసుల్లో పళ్ళరసం పోస్తోంది. గట్టు మీద పెట్టిన ఫోన్ వెలిగింది. చెల్లెలు. పొయ్యి పక్కన డబ్బాకి ఆనించి ఎత్తింది. చెల్లెలి మొహం పాలిపోయి ఉంది. వెనక ఆకుపచ్చ తెర, సెలైన్ సీసా వేలాడుతున్న ఇనుప స్టాండు.

ఒంటిచేత్తో, తడబడుతూ, చెల్లెలు చెప్పింది: కడుపులో నొప్పి. డాక్టర్ ఏదో అంటున్నాడు. మాస్కు తియ్యడు, పెదాలు కనపడవు. నువ్వు విని నాకు చెప్పు.

తెరలో తెల్లకోటు ఒకటి ముందుకి వంగింది. "హలో, మీరు ఈవిడ తాలూకా అండీ?"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి మేనేజరు భార్య గొంతు. "ఏమైనా సాయం చెయ్యమంటారా?"

ఆమె చెయ్యి లేచింది. విచ్చుకుంది. వాలిపోయింది. కాల్ ఆగిపోయి, ఫోన్ బోర్లా పడుకుంది.

"ఎవరండీ?" అంది మేనేజరు భార్య.

"రాంగ్ నంబరు."

ట్రేలో గ్లాసులు సర్దింది. బయటికి తీసుకెళ్ళి అందరికీ అందించింది. మేనేజరు భార్య చీర బాగుందని కూడా అంది. ఆ అరగంటో గంటో ఆమె ఎలా నవ్వుతూ కూర్చుందో తర్వాత ఎంత తల్చుకున్నా ఆమెకే అర్థం కాలేదు. వాళ్ళ కారు వీధి మలుపు తిరగ్గానే గదిలోకి పరుగెత్తి ఫోన్ చేసింది. చెల్లెలు మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. అయిపోయిందిలే, అంది. కాగితం మీద రాయించుకున్నాను. కంగారు పడకు. మీ నెట్ ఎప్పుడూ ఇంతే కదా.

ఆ మాటకి ఆమె ప్రాణం కుదుటపడింది. కుదుటపడిందని తెలియగానే ఒళ్ళంతా మంటపెట్టినట్టయింది. నొప్పితో మెలికలు తిరిగిన మనిషి తనకి సాకు అందిస్తుంటే, చెయ్యి చాపి అందుకుంది తను.

మర్నాడు పొద్దున భర్త బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "నిన్న ఆయన ముందు పరువు పోయింది. సరిగ్గా గెలిచే టైములో బొమ్మ ఆగిపోయింది. ఈ కంపెనీ వద్దు, మార్చేద్దాం. నాలుగు చోట్ల ఫోన్ చేసి కనుక్కో. నీకు ఖాళీయేగా."

ఖాళీ అంటే పొద్దున్నే అందరి క్యారేజీలూ కట్టి, అత్తగారి మందులు తీసిపెట్టి, ఆఫీసుకి పరుగెత్తి, వచ్చి మళ్ళీ వంటింట్లో దూరడానికి మధ్య మిగిలేది. అంటే భోజనం వేళ. డబ్బా మూత తీయకుండానే మెట్ల మలుపులో నిలబడి ఒక కొత్త కంపెనీకి ఫోన్ కలిపింది. అవతల ఒక అమ్మాయి, హుషారైన గొంతు.

"ఇంట్లో నెట్ ఎక్కువగా దేనికి వాడతారు మేడమ్?"

"టీవీ... మా అమ్మాయి చదువు... మావారి ఆఫీసు పని."

"వీడియో కాల్స్?"

"లేవు" అంది. ముఖం కూడా తెలియని ఆ పిల్ల దగ్గర కూడా. మళ్ళీ తనే, "ఒకవేళ ఉంటే, వాటివల్లేనా నెలాఖరుకి నెట్ నెమ్మదించేది? మాది అన్‌లిమిటెడ్ అన్నారు మరి" అనడిగింది.

ఆ అమ్మాయి నవ్వింది. "అందరూ అదే అనుకుంటారు మేడమ్. అన్‌లిమిటెడ్ అంటే కనెక్షన్ ఆగదని. ఫెయిర్ యూసేజ్ అని ఒక హద్దుంటుంది, అది దాటితే వేగం తగ్గించేస్తారు. వీడియో కాల్స్ రోజూ గంటలకొద్దీ మాట్లాడుకున్నా ఆ హద్దు దాకా వెళ్ళరు. పెద్ద టీవీ ఫుల్ క్వాలిటీలో పెట్టేసి పొద్దస్తమానం వదిలేస్తే మాత్రం ఇట్టే దాటేస్తారు."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. అత్తగారు కునుకు తీస్తున్నా టీవీ మోగుతూనే ఉండాలి, మనుషులున్నట్టుంటుందని. సాయంత్రం నుంచి భర్త మ్యాచ్‌లు. ఇన్నేళ్ళూ ప్రతి నెలాఖరుకీ తను తలొంచుకుని 'తగ్గిస్తాను' అన్నది తగ్గించడానికి ఏమీ లేనిదాన్ని! కోపం రావాలి. వచ్చింది కూడా. ఇవాళ ఇంటికెళ్ళి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టింది. అంతలో ఇంకో ఆలోచన అడ్డొచ్చింది. కొత్త కనెక్షన్ ఆగకపోతే, చెల్లెలికి రేపట్నుంచి ఏమని చెప్పాలి?

"మేడమ్? లైన్లో ఉన్నారా? ఇంటిల్లిపాదికీ సరిపోయే పెద్ద ప్లాన్ చెప్పమంటారా?"

"మీ దగ్గర... ఇంకా తక్కువ హద్దున్నది ఏమైనా ఉందా?"

"తక్కువదా మేడమ్?" ఆ అమ్మాయి గొంతులో హుషారు ఆగింది. ఎవరూ అడగనిది అడిగినట్టు.

తన నోట్లోంచి వచ్చిన మాట ఆమెకి అప్పుడు వినపడింది. నెట్ ఎవరు తాగేశారో అక్కర్లేదు. అది ఆగిపోవాలని కోరుకున్నది ఆ ఇంట్లో తనొక్కతే. అందుకే నింద అంత సులువుగా నెత్తిన వేసుకుంది, గొడుగులా.

"వద్దులెండి. పెద్దదే ఇవ్వండి" అంది.

ఫిట్టింగ్ అతను సెలవు రోజున వచ్చాడు. పాత వైరు పీకి, కొత్తది గోడవెంట లాగి, టీవీ వెనక పెట్టె బిగించాడు. ఇల్లంతా ఫోన్ పట్టుకుని తిరిగొచ్చి, "హాల్లో అదిరిపోతుంది సార్. వెనక గదిలో మాత్రం తలుపేస్తే కాస్త తక్కువ" అన్నాడు.

"హాల్లో ఉంటే చాలు" అన్నాడు భర్త.

వెనక గదిలో తక్కువ. ఆమె మనసు ఒక్క క్షణం ఆ మాటకేసి పరుగెత్తింది. తలుపేసుకుంటే చాలు, సాకు మళ్ళీ బతుకుతుంది.

"ఒకసారి ఎవరికైనా వీడియో కాల్ చేసి చూడండి మేడమ్" అన్నాడు ఫిట్టింగ్ అతను, స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకుంటూ. సోఫాలో అత్తగారు. రిమోట్ పట్టుకుని భర్త. గుమ్మానికానుకుని కూతురు. ఆమె గదికేసి చూసి, చూపు వెనక్కి లాక్కుని, హాలు మధ్య కుర్చీలో కూర్చుంది. చెల్లెలికి ఫోన్ చేసి, బల్ల మీద నిలబెట్టింది.

చెల్లెలు ఎత్తింది. గడ్డం తాకింది. చుట్టూ చూసి, ఎక్కడున్నావ్ అనడిగింది.

హాల్లో, అంది ఆమె. చేతులు కొయ్యల్లా ఉన్నాయి. అత్తగారు సోఫాలో సర్దుకున్న చప్పుడు వినపడింది. కొత్త నెట్ వేయించాం. ఇకనుంచీ ఆగిపోదు.

చెల్లెలు కాసేపు కదల్లేదు. బొమ్మ ఆగిందేమో అనుకుంది ఆమె. ఆగలేదు. రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

ముందు కూడా చాలాసార్లు ఆగలేదు, అంది చెల్లెలు నెమ్మదిగా. నెట్ బాగోలేదని నువ్వు ఉత్తినే చెప్పినప్పుడల్లా నీ చెయ్యి నాకు స్పష్టంగా కనపడేది.

ఫిట్టింగ్ అతను "బొమ్మ బాగుందా మేడమ్?" అనడిగాడు. ఆమె తలూపింది.

ఎప్పట్నుంచి తెలుసు?

మొదటిసారి నుంచీ.

అడగలేదేం?

చెల్లెలు చూపు దించింది. చూపు దించితే మాట వినపడదు వాళ్ళ భాషలో, అందుకని మళ్ళీ ఎత్తింది. నాకు సిగ్గేసింది, అంది.

సిగ్గుపడాల్సింది ఎవరో, పడింది ఎవరో. ఆమె చేతులు ఒళ్ళో పడిపోయాయి. కాదు అనాలని ఉంది, నీ వల్ల కాదు అనాలని ఉంది. ఏది అన్నా ఈ భాషలో ఇంకో అబద్ధంలా ఉంటుందని భయమేసింది.

గురువారం డాక్టర్ మళ్ళీ రమ్మన్నాడు, అంది చెల్లెలే. ఆపరేషన్ కావాలో వద్దో చెప్తాడట. ఆ రోజు మీ నెట్ ఉంటుందా?

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవడానికే అడుగుతోంది, ముందుగా తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకోవచ్చని.

"ఏమిటట? ఏమంటోంది?" అన్నాడు భర్త. "అయిపోతే పెట్టెయ్, టీవీ చూసుకోవాలి."

ఆమె లేచి నిలబడింది, చేతులకి చోటు కావాలని. "మా చెల్లెలికి అసలు వినపడదు" అంది, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి, 'కాస్త' లేకుండా. ఆ తర్వాతి మాట నోటితోనూ చేతులతోనూ కలిపి చెప్పింది, ఇటువాళ్ళకీ అటుదానికీ ఒకేసారి అందేలా.

"గురువారం నేను ఇక్కడ ఉండను."