అటక మీద ప్రార్థన

1936 వేసవి నాటికి ఏలూరులో నిత్యానందం గారికి ఉన్నది పెంకుటిల్లే గాని, మనసు మాత్రం ఎప్పుడో మేడెక్కి కూర్చుంది. మిషను స్కూలు హెడ్‌మాస్టరు, పైగా సంఘ పెద్ద. వచ్చేపోయే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టడానికి ఆయనకు వీధిగది కావాల్సి వచ్చింది. ఆ గదిలో నాలుగేళ్ళుగా ఆయన చెల్లెలు లిడియా కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుడుతోంది. మొగుడు పోయినదానికి ఆ గదీ, ఆ మిషనూ తప్ప వేరే ఆధారం లేదు. అన్నగారు ఆమెను అటక మీదికి మారమన్నారు. వీధిలోకి కనబడకపోతే గుడ్డ పట్టుకుని ఎవరొస్తారు? అటకెక్కమనడమంటే అడుక్కు తినమనడమే.

"అటక అనకు లిడియా, మేడగది అను. ప్రభువు చివరి భోజనం చేసింది మేడగదిలోనే," అన్నారు అన్నగారు.

అటక గదిగా పనికొస్తుందో లేదో చూడమని కొల్లేటికోట నుంచి వడ్రంగి జోగయ్యను పిలిపించారు. అతను నిచ్చెనెక్కి, దూలాన్ని గుద్ది చూసి, కర్రతో కొలిచి దిగాడు.

"దూలం గట్టిదేనండి. నలుగుర్ని మోస్తదండి. మనిషి నిలబడ్డానికి మాత్రం లేదండి. నడ్డి వంచుకు తిరగాలండి."

"ప్రార్థన చేసుకునేదానికి నిలబడ్డం ఎందుకయ్యా? మోకాళ్ళుంటే చాలు."

"పెంకుల వేడి కూడా చూసుకోవాలండి. క్రిస్మసుకని మీరు దాచిన కొవ్వొత్తులు పెట్టెలోనే ముద్దయిపోయినయ్యండి."

"అవి నాసిరకంవి."

"మా కొల్లేటికోటలో వరదొస్తే అటకెక్కుతామండి, వరద తీస్తే దిగుతామండి. అక్కడే ఉండిపోయినవాళ్ళని నేను చూళ్ళేదండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సోమవారం పని మొదలెట్టమన్నారు నిత్యానందం గారు. లిడియాకు ఒళ్ళు మండిపోయింది. తన కూడు తనే కుట్టుకుంటున్నా, ఇల్లు ఆయనది. ఎదురాడితే ఊళ్ళో తననే నాలుగు మాటలంటారు.

ఆదివారం ఆరాధన ముగియగానే ఆమె అందరి ముందూ లేచి నిలబడింది.

"పాస్టరుగారండీ, అన్నయ్య నాకు మేడగది కట్టిస్తున్నారండి. పనికి ముందు అక్కడే ప్రార్థన జరగాలి కదండీ. ఇప్పుడే వచ్చి అన్నయ్య చేత చేయించండి."

ప్రార్థన లేకుండా ఆ సంఘంలో పశువుల పాకైనా లేవదు. సంఘ పెద్ద కాదంటే ఏం బాగుంటుంది? మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండలో తోమా పాస్టరుగారు, అన్నాచెల్లెళ్ళు అటకెక్కి మోకరించారు. మిగతా సంఘమంతా కింద నిలబడింది.

నిత్యానందం గారి ప్రార్థనంటే పిల్లలు ఒక నిద్ర తీసి లేచేవాళ్ళు. ఆదాముతో మొదలెడితే గాని ఆయన అసలు సంగతికి రారు. ఆ రోజు ఆదాము ఇంకా ఏదెను తోటలో అడుగైనా పెట్టకముందే ఆమెన్ అనేసి, చెమటలు కారుస్తూ నిచ్చెన వెతుక్కున్నారు. నిచ్చెనకు అడ్డంగా లిడియా కూర్చుని ఉంది.

"ఇక్కడుండబోయేదాన్ని నేను కదా అన్నయ్యా, నా కోసం చెయ్యనేలేదే మీరు. నిమ్మళంగా చెయ్యండి."

"ముందు దిగనీవే."

"మీరు దిగుతారు. నా సంగతేమిటండీ?"

"ఆ మాటేదో చెప్పేయండి నిత్యానందం గారూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయండీ," అన్నారు పాస్టరుగారు గోడకు చేరగిలబడి.

"వీధిగది నీదే, నీదే," అని కింద అందరికీ వినబడేట్టు అరిచారు అన్నగారు. లిడియా పక్కకు జరిగింది.

కిందికి రాగానే ఆయన ముఖం తుడుచుకుని సంఘం వైపు తిరిగారు. "ఈ వేడిలో ఆడకూతురు ఎలా ఉంటుందండీ? నేను మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నాను."

"అవునండీ, అన్నయ్యది జాలిగుండె," అంది లిడియా. ఆ జాలిగుండె మళ్ళీ మనసు మార్చుకోకముందే వెళ్ళి, సంఘమంతా చూస్తుండగా వీధిగది తలుపులు బార్లా తెరిచింది.