బతికున్నవాడికి కట్టిన ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. పుట్టి రెండు నెలలే అయింది గానీ, మనుషులంటే రోత పుట్టడానికి నాకు ఒక్క పూట సరిపోయింది.

నన్ను అచ్చు వేసింది తణుకులో ఒక చిన్న షాపు. అక్కడ ఎక్కువగా పోయేవి రెండే రకాలు: జన్మదిన శుభాకాంక్షలు, అశ్రునివాళి. రెండింటి మీదా అవే నాయకులు, అవే దండాలు. కింద గులాబీలుంటే పుట్టినరోజు, ఫొటో చుట్టూ దండ ఉంటే చావు. ఆ రోజు పొద్దున్నే టీవీలో ఒక వార్త వచ్చింది. ఆఫ్రికాలో శాంతిసేన శిబిరం మీద దాడి జరిగిందట, తెలుగు జవాను ఒకరు మరణించినట్టు సమాచారమట. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. తణుకు పక్కనే ఉన్న కొండేపూడి నుంచి శాంతిసేనకు వెళ్ళినవాడు హవల్దార్ కడలి భీమేశు ఒక్కడే. సర్పంచి కుర్చీ మీద కన్నేసిన వల్లభరావుకు ఆ మాత్రం చాలు. బండెక్కి షాపులోకొచ్చి పడ్డాడు.

ఫొటో కోసం కష్టపడనక్కర్లేకపోయింది. భీమేశు భార్య లోవలక్ష్మి తన ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నదే దించుకున్నాడు. అందులో భీమేశు శాంతిసేన నీలం టోపీ పెట్టుకుని, ఆమె పంపిన జంతికల డబ్బాను పొట్టకు హత్తుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

“ఇలా నవ్వుతున్నాడేంటండీ? కాస్త సీరియస్‌గా ఉన్నది లేదాండీ?” అన్నాడు షాపాయన.

“ఉన్నదే ఎయ్యవయ్యా బాబూ! ఆలస్యమైతే అవతలోళ్ళు ముందే కట్టేత్తారు.”

ఫొటోలోంచి డబ్బాను కోసేశారు. పట్టుకోవడానికేమీ లేక భీమేశు వేళ్ళు గాల్లో మిగిలిపోయాయి. నా మీద వల్లభరావు ముఖం గుమ్మడికాయంత, పోయాడనుకుంటున్న మనిషి ముఖం నిమ్మకాయంత. పోయినవాడి కంటే ఏడ్చేవాడు పెద్దగా కనబడాలని నాకు అప్పుడే తెలిసింది. పుట్టిన తేదీ తెలియక ఏదో ఒకటి వేశారు. మరణించిన తేదీ మాత్రం అనుమానం లేకుండా ఆ రోజుదే వేశారు.

నన్ను నాలుగురోడ్ల దగ్గర రేషన్ షాపు ఎదురుగా కట్టారు. మేకులు దిగి ఇంకా కాసేపైనా కాలేదు, పాలప్యాకెట్ కొనుక్కుని భీమేశు తల్లి సూరమ్మ అటుగా వచ్చింది. ఆవిడకు చదువు రాదు. కొడుకు బొమ్మ చూసి ముందు ముసిముసిగా నవ్వింది. తర్వాత దండ చూసింది.

“నా కొడుక్కి ఆ దండేంటర్రా?” అని అడిగింది. రేషన్ క్యూలో వాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. ఆవిడ రోడ్డు మీదే కూలబడింది.

లోవలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. ఫోన్ చేస్తే అవతల మోగడం లేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. ఈలోగా ఊరు పోగైంది. ఎవరి ముఖంలో చూసినా జాలి కంటే తొందరే ఎక్కువ కనిపించింది నాకు. పెద్దత్త వరసయ్యే రత్తమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, “జరగాల్సింది జరిగిపోయిందమ్మా, గాజులు తియ్యాలి” అంది.

“ఆయన సంగతి పటాలం నుంచి తెలిసేదాకా నా చెయ్యి వదలండత్తా. వదలకపోతే మర్యాదగా ఉండదు.”

అంతలో వల్లభరావు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, పేపరోళ్ళొచ్చారు. ఒక్కసారి ఫ్లెక్సీ కింద నించుంటే...”

ఛీ! నాకు నోరుంటే అతని ముఖాన ఉమ్మేసేదాన్ని. కానీ అతని ముఖమే నా మీద ఉంది.

గుంపును తోసుకుని రిటైర్డ్ సుబేదార్ పుల్లయ్య వచ్చాడు. అతని వెనకే ఊళ్ళో మిలిటరీ ఇళ్ళ ఆడవాళ్ళు. ఇద్దరు సూరమ్మను లేపి నీళ్ళు పట్టారు, మిగతావాళ్ళు లోవలక్ష్మి చుట్టూ గోడలా నిలబడ్డారు. పుల్లయ్య పటాలం ఆఫీసుకు ఫోన్ చేసి హిందీలో గట్టిగా మాట్లాడాడు. అందరికీ అర్థమైన మాట ఒక్కటే, “జిందా?” ఆ తర్వాత లోవలక్ష్మి వైపు తిరిగి, బతికే ఉన్నాడని తల ఊపాడు.

మధ్యాహ్నానికి భీమేశే ఫోన్ చేశాడు. లోవలక్ష్మి ఒక్కసారి ఆ గొంతు విని ఫోన్ అత్తకిచ్చేసింది.

“అమ్మా, నేనే. బాగానే ఉన్నాను.”

సూరమ్మ ఫోన్ వింటూ నా వైపే చూస్తోంది. “మరిక్కడ నీకు దండేశారేంట్రా?” అని అడిగింది.

అంతలో చుట్టూ కేకలు లేచాయి, అతను ఏం చెప్పాడో నాకు వినపడలేదు. ఆ చనిపోయిన జవాను వేరే జిల్లావాడట. అది తెలిసి ఊరు హమ్మయ్య అనుకుంది. ఆ జిల్లాలో ఏ తల్లి రోడ్డు మీద కూలబడిందో ఎవరూ అడగలేదు. వచ్చిన జనం సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు ముఖాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

నన్ను దించుతున్న మనిషి కత్తి తీశాడు. వల్లభరావు అతని చెయ్యి పట్టుకున్నాడు.

“కొయ్యమాకు. ఇంకా ఎనిమిది నెలలుంటాడంట అక్కడ. తేదీ మీద స్టిక్కరేత్తే సరిపోద్ది.”

అలా నేను అతని ఇంట్లో అటకెక్కాను. మర్నాడు లోవలక్ష్మి ఆ ఇంటికి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. “ఆ ఫ్లెక్సీ నాకిచ్చెయ్యండి. నా చేత్తో తగలబెట్టుకుంటాను” అని మాత్రం అడిగింది.

“అయ్యో, నిన్ననే తగలబెట్టేశాం తల్లీ!” అన్నాడు వల్లభరావు, చేతులు జోడించి, అచ్చం నా మీద జోడించినట్టే. ఆమె నమ్మింది. సరిగ్గా ఆమె నెత్తి మీద, చుట్ట చుట్టుకుని నేనున్నాను.

ఈ అటక మీద ఎలుకలున్నాయి. నన్ను త్వరగా కొరికెయ్యమని వాటిని వేడుకుంటున్నాను. కింద టీవీలో ఆఫ్రికా మాట వినిపించినప్పుడల్లా వల్లభరావు కుర్చీలోంచి లేచి సౌండ్ పెంచుతాడు. వార్త విని, తలెత్తి అటక వైపు చూస్తాడు.