వెనకబడిన రెండు రోజులు

నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో ఇన్‌చార్జిగా ఉన్న ఆమెకు నిక్కచ్చి మనిషని పేరు. ఆమె సంతకం పడిందంటే కళ్లు మూసుకుని ఆ నీళ్లు తాగొచ్చని పై ఆఫీసులో అనేవారు. ఆ పేరు చూసుకుని ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఏడాది కిందట ఒక మనిషి ఉద్యోగం తీయించడానికి ఆమె వెనకాడకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ మనిషిని ల్యాబ్‌లో అందరూ సీసాలాయన అనేవారు. ఊరూరా తిరిగి బావుల నుంచి, ట్యాంకుల నుంచి నీళ్లు సీసాలకు పట్టేవాడు. కొన్ని పరీక్షలు అక్కడికక్కడే చేసి, ఫలితాలను ల్యాబ్ వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఎక్కించేవాడు. పదకొండేళ్లుగా అదే పని. ఒకసారి రికార్డులు తనిఖీ చేస్తుంటే ఆమె కంట ఒక తేడా పడింది. సీసాల మీది చీటీల్లో పదహారో తేదీ ఉంది. ఫలితాల ఫైలు మాత్రం పద్నాలుగునే తయారైనట్టుంది. అంటే నీళ్లు పట్టకముందే ఫలితాలు రాసేశాడన్నమాట. వెతికితే అలాంటి ఫైళ్లు ఇంకో మూడు దొరికాయి.

పిలిచి అడిగితే, బయటికి తీసుకెళ్లినప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో టైం వెనకబడుతోందేమోనని ఆయన నసిగాడు. ఆమె అందరి ముందూ ల్యాప్‌టాప్ తెరిపించి, గోడ గడియారంతో సరిచూసింది. ఒక్క నిమిషం కూడా తేడా లేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ మాట," అంది.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వారం తిరక్కుండా ఆమె రిపోర్టు పైకి వెళ్లింది, నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది.

ఈ ఏడాది ల్యాబ్‌కు కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అప్పటి నుంచి బీరువాలో మూలపడి ఉన్న ఆ పాతదాన్ని కూతురి చదువుకు పనికొస్తుందని ఆమె అడిగి ఇంటికి తెచ్చుకుంది. తీరా తెరిస్తే ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోలేదు. వైరస్ పట్టిందేమోనని వీధి చివర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపుకు తీసుకెళ్లింది. ఆ షాపు ఆమె ఆడపడుచుదే.

ఆడపడుచు తెర కింద మూలకు చూసి నవ్వింది. "ఇందులో తేదీ చూశావా వదినా? అప్పటికి మీ అమ్మాయికి పాలపళ్లు కూడా ఊడలేదు."

తేదీ అంత తప్పుగా ఉంటే సైట్లు నమ్మవని చెప్పి, తేదీ, టైం సరిచేసింది. అన్నీ తెరుచుకున్నాయి. అయినా ఆడపడుచుకు తృప్తి కలగలేదు. ఛార్జర్ పీకి, ల్యాప్‌టాప్ ఆపేసి, మర్నాడు రమ్మంది. మర్నాడు నెట్ తగలకుండా తెరిస్తే గడియారం తొమ్మిది గంటలు వెనక ఉంది. మళ్లీ సరిచేసి, ఈసారి ఛార్జర్ పెట్టి రోజంతా ఉంచింది. సరిగ్గానే నడిచింది. అప్పుడు స్క్రూలు విప్పి, నల్లటి కాగితం చుట్టిన, కోటు గుండీ అంత బ్యాటరీని బయటికి తీసి మీటరు పెట్టింది. మూడు వోల్టులు ఉండాల్సింది రెండు దాటి కాస్త చూపించింది.

ఆపేసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది ఇదేనని ఆడపడుచు చెప్పింది.

"ఇది ఒక్కరోజులో చచ్చేది కాదు. ఏడాది రెండేళ్లుగా నీరసపడుతూ వస్తుంది. ఆపినప్పుడల్లా గడియారం ఆగుతూ నడుస్తుంది. కొద్ది తేడా అయితే నెట్ తగలగానే దానంతటదే సర్దుకుంటుంది; ఇప్పటిలా నెలల తరబడి మూలపడి ఏళ్లు వెనక్కి పోతేనే సర్దుకోదు. అందుకే ఎవరికీ తెలీదు."

ఆమెకు గోడ గడియారం గుర్తొచ్చింది. ల్యాబ్‌లో నెట్ ఉంది, ఊళ్లలో బావుల దగ్గర లేదు. ఆ రోజు అందరి ముందూ తెరిపించింది ల్యాబ్‌లోనే.

"పోయినేడాది ఇది రెండు రోజులు వెనకబడి ఉండొచ్చా?"

"వారం పది రోజులు ఆపేసి ఉంచితే ఉండొచ్చు. ఏం వదినా, అలా అయిపోయావేం?"

ఏం లేదని లేచి వచ్చేసింది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫైలు ఎప్పుడో మూసేశారు, ఇప్పుడెవరు అడుగుతారు అని తనకు తానే నచ్చచెప్పుకుంది. కొత్త బ్యాటరీ వేసిన ల్యాప్‌టాప్ ముందు కూతురు కూర్చుంటే ఆ గదిలోకి వెళ్లలేకపోయేది. ఐదో రోజు ఆఫీసులో పాత రిజిస్టర్ తీసింది. ల్యాప్‌టాప్ ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారో రాసే రిజిస్టర్ అది. సీసాలాయన దాన్ని తీసుకున్నది పదిహేనున. అంతకు ముందు తొమ్మిది రోజులు అది బీరువాలోనే ఉంది. తాళంచెవి ఉండేది ఆమె దగ్గర. ఇచ్చినట్టు సంతకమూ ఆమెదే. బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్‌లో పద్నాలుగో తేదీన ఆయన ఫైలెలా తయారుచేస్తాడు? కుర్చీలోంచి చెయ్యి చాస్తే అందే రిజిస్టర్. ఆ రోజు ఆ పని కూడా చెయ్యలేదు.

అప్పటికప్పుడు కూర్చుని, తప్పు తనదేనని డైరెక్టర్‌కు రాసింది. ఆయన పిలిపించి, ఇదంతా తవ్వడం అవసరమా, బ్యాటరీ పాడైతే మీరేం చేస్తారు అన్నాడు. తాను రిపోర్టు రాసింది బ్యాటరీ మీద కాదని, మనిషి మీదని ఆమె చెప్పింది. ఆయన కాగితం తీసుకున్నాడు.

సీసాలాయన ఊరి చివర తాగునీళ్ల క్యాన్లు నింపే ప్లాంటులో పనిచేస్తున్నాడని తెలిసి వెళ్లింది. రబ్బరు బూట్లు వేసుకుని, గొట్టం పట్టుకుని క్యాన్లు కడుగుతున్నాడు. ఆమెను చూసి నీళ్లు కట్టేశాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. బ్యాటరీ గురించి చెప్పింది, రిజిస్టర్ గురించీ దాచలేదు. క్షమించమంది.

ఆయన గొట్టం చుట్టి పక్కన పెట్టాడు.

"ఆ ల్యాప్‌టాప్ సంగతి నాకూ సరిగ్గా తెలీదు మేడమ్. అవునేమో, నేనే ఏదో తప్పు నొక్కానేమోనని నాకే అనుమానం వచ్చేది." చేతులు తుడుచుకున్నాడు. "మా నాన్న పోయిన నెల పోయారు. దొంగ లెక్కలు రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాననే అనుకున్నారు. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆఫీసువాళ్లు ఊరికే తీస్తార్రా అనేవారు."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆయనే ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకుంది. ఆయన మాత్రం లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేకపోయింది.

రెండు నెలలకు ఆయన్ను తిరిగి తీసుకున్నారు. ఇన్‌చార్జి పని ఇంకొకరికి ఇచ్చి, ఆమెను రికార్డుల సెక్షన్‌లో వేశారు. ఇప్పుడు ఆయన తెచ్చే చీటీలు ఆమె బల్ల మీదికే వస్తాయి. వాటిని ఇచ్చేటప్పుడు ఆయన మర్యాదగా, మునుపటిలాగే మేడమ్ అంటాడు. ఆమె ఒక్కో చీటీ చదివి రిజిస్టర్‌లో రాసుకుంటుంది. వాళ్ల నాన్నగారి గురించి అడగాలని చాలాసార్లు అనుకుంది. ఇంతవరకూ అడగలేదు.