తిరగబడిన ముద్ర

ప్రతి సోమవారం ఆఫీసు తలుపులు తెరిచేసరికి పెద్దక్క బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన గాజు గ్లాసు. వేలిముద్రల విభాగంలో అందరూ బూడిదాయన అని పిలిచే ఆమె తమ్ముడు, సంచీ అయినా కింద పెట్టకుండా ఆ గ్లాసుకి ముద్రలు తేల్చే బూడిదరంగు పొడి అద్దుతాడు.

"వాడిదేనా?"

"వాడిదేనక్కా."

తప్పిపోయిన కొడుకు కోసం ఆమె పడుకోబోయే ముందు గడప దగ్గర నీళ్ళు పెడుతుంది. తెల్లారేసరికి గ్లాసు సగం ఖాళీ, దాని మీద తాజాగా బొటనవేలి ముద్ర. ఆఫీసులో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. కాకపోతే ఫైల్లో ఉన్న వాడి పాత ముద్రతో పోలిస్తే అది అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేది. కుడికి వంగాల్సిన సుడి ఎడమకి వంగేది, చాకు గాటు మచ్చ అటుది ఇటు పడేది.

"మీ మేనల్లుడు మొదట్నుంచీ తిరకాసు మనిషే కదండీ" అని ఫోటోగ్రాఫరు ఆటపట్టించేవాడు. బూడిదాయన నవ్వి ఊరుకునేవాడు. అనుమానం రాలేదా అంటే వచ్చింది. దాని జోలికి పోవడానికి మనసొప్పలేదు.

ఈ సోమవారం అక్క వెంటనే లేవలేదు.

"అమ్మాయి తన దగ్గరికి వచ్చెయ్యమని ఒకటే పోరురా. నా మోకాళ్ళూ మొరాయిస్తున్నాయి. వాడొచ్చి నీళ్ళు తాగుతుంటే తలుపుకి తాళం ఎలా వెయ్యను? నిజం చెప్పు. బతికే ఉన్నాడు కదూ?"

అతను తాళంచెవి తీసుకుని లేచాడు. బీరువాలోంచి పాత కవరు తీశాడు. అందులో ఉన్నది మేనల్లుడు తప్పిపోయిన కొత్తలో ఏట్లో దొరికిన ఒక శవం తాలూకు ముద్ర. మొహం ఆనవాలు పట్టేలా లేదు. నానిన వేలికి ఇంకు అంటకపోతే, పొడి అద్ది పారదర్శకమైన జిగురు టేపుతో ఎత్తి కాగితానికి అతికించారు. అలా అతికించిన ముద్ర పైనుంచి తిరగబడి కనిపిస్తుంది, అద్దంలో చూసి చదవాలి. కొత్తగా చేరినవాళ్ళకి అతను నేర్పే మొదటి పాఠమే అది. ఆ రోజు మాత్రం, మేనల్లుడు కాకపోతే చాలని గుండె చిక్కబట్టుకుని, ఉన్నదున్నట్టు చూసేసి "మనవాడు కాదు" అనేశాడు. ఎంత తేలికపడ్డాడో! ఆ శవాన్ని ఊరవతల దిక్కులేనివాళ్ళ మధ్య పూడ్చేశారు.

ఇప్పుడా కాగితాన్ని గ్లాసు పక్కన పెట్టాడు. సుడికి సుడి, మచ్చకి మచ్చ.

"నేను తిప్పి చూడలేదక్కా" అన్నాడు. ఏట్లో దొరికింది ఎవరో చెప్పాడు, ఎక్కడ పూడ్చారో చెప్పాడు.

అక్క గ్లాసుని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"నాకోసం వస్తున్నాడని మురిసిపోయానురా. నీకు చెప్పడానికన్నమాట వచ్చింది."

మర్నాడు గ్లాసు మీద ముద్ర సరిగ్గా పడింది. బూడిదాయన అద్దం లేకుండానే చదివాడు. అక్క గ్లాసు కడిగి బోర్లించింది. దారిలో ఆ మట్టిదిబ్బ దగ్గర కాసేపు ఆగి, కూతురింటికి వెళ్ళిపోయింది. తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి సోమవారం బెంచీ ఖాళీగా ఉంది. ఆ సాయంత్రం బూడిదాయన తన గడప దగ్గర గ్లాసెడు నీళ్ళు పెట్టాడు.

పొద్దున్న చూస్తే గ్లాసు నిండుగానే ఉంది. దాని మీద ఉన్నవన్నీ అతని ముద్రలే.